నోట పలకని పేరుకు చిరునామా

డొమైన్ అంటే ఏమిటి, దానికి రికార్డులు ఎందుకు అని అడిగేవాళ్ళకు చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. వాళ్ళు విని తల ఊపుతారు, మరుసటి నెల ఫోన్ చేసి మళ్ళీ మొదటినుంచి అడుగుతారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మా అమ్మ అనేది. నాకు ఆ శంఖం ఎత్తే ఓపిక కూడా అయిపోయింది.

తమిళనాడులోని రాజపాళయంలో ఒక మిల్లు కంప్యూటర్ సెక్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. ఆ సెక్షన్ మూసేశాక ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుని చుట్టుపక్కల చిన్న కంపెనీల వెబ్‌సైట్లు, మెయిళ్ళు చూసుకుంటూ బతుకుతున్నాను. తళవాయిపురంలో నైటీలు కుట్టేవాళ్ళున్నారు, సత్రపట్టిలో బ్యాండేజ్ గుడ్డ నేసేవాళ్ళున్నారు, వేటకుక్క పిల్లలను అమ్మే ఒకాయన ఉన్నాడు. వాళ్ళకు మెయిల్ రాకపోతే నేను కావాలి. కరెంటు పోయి మోడెమ్ ఆరిపోయినా నేనే కావాలి. మొన్న ఒకావిడ ఫ్రిజ్‌లో లైటు వెలగడం లేదని ఫోన్ చేసింది. నేను విసుక్కుంటే, "కంప్యూటర్ తెలిసినదానివి గదా అక్కా" అంది.

సత్రపట్టిలో మా మేనత్తకు ఒక చిన్న షెడ్డు ఉంది. అందులో పుండ్లకు కట్టే పలచని గాజుగుడ్డ నేసే తరులు, అంటే కరెంటుతో ఆడే మగ్గాలు, నాలుగైదు ఉన్నాయి. మామ బతికి ఉన్నప్పుడు బయటి వ్యవహారం ఆయనది, గుడ్డ సంగతి అత్తది. మామ పోయి రెండేళ్ళు దాటింది. వాళ్ళకు పిల్లలు లేరు. మామ తరవాత షెడ్డు మూతపడుతుందని మా బంధువుల్లో చాలామంది తీర్మానించేశారు గానీ అది మూతపడలేదు. ఎలా నడుస్తోందో నేనూ అడగలేదు. ఎవరి అలసట వాళ్ళది అనుకున్నాను.

ఒక సోమవారం పొద్దున అత్త ఫోన్ చేసింది.

"ఏమే, శుక్రవారం తరులు ఎత్తుకుపోయేదానికి మనిషి వస్తానన్నాడు. మామ కంప్యూటర్ ఉండాది గదా, అది నీకు పనికొస్తాదేమో వచ్చి చూడు."

"తరులు ఎందుకత్తా అమ్మేది?"

"కేరళావాళ్ళు మన గుడ్డ వద్దన్నారు."

"వద్దని రాసినారా?"

"ఏమీ రాయలేదు. అదిదాన్ వద్దనేది." అదే అనడానికి మా వైపు మాట అది.

మోకాళ్ళ నొప్పికి వేన్నీళ్ళ కాపడం పెట్టుకుంటున్నదాన్ని, ఆ సంచీ పక్కన పడేసి బస్‌స్టాండుకు పోయాను. మా ఇంట్లో అత్త మీద కోపం తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు గానీ, ఆమె ఒక పని వదిలేయడం చూసినవాళ్ళు లేరు. బస్సులో కూర్చున్నంతసేపూ నాకు భయంగానే ఉంది.

షెడ్డులో రెండు తరులు ఆడుతున్నాయి, మిగిలినవి ఊరకున్నాయి. పనిచేసే ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వలేదు. శుక్రవారం సంగతి వాళ్ళకు చెప్పేసినట్టుంది. అత్త గోడ పక్కన బల్ల దగ్గర కూర్చుని గ్లాసుడు నీళ్ళలో చిన్న గుడ్డముక్క వేసి చూస్తోంది. గాజుగుడ్డ బాగుంటే నీళ్ళ మీద తేలకుండా వెంటనే మునుగుతుంది, పుండు మీద పడ్డప్పుడు తడి పీల్చేది అదే. అమ్మేయబోయే తరుల మీద నేసిన గుడ్డను కూడా ఆమె అలా పరీక్ష చేస్తూనే ఉంది.

నన్ను చూసి సంగతి చెప్పింది. కేరళలో ఆస్పత్రులకు సామాను కొనిపెట్టే కంపెనీ ఒకటి గుడ్డ మాదిరి అడిగిందట, ఈమె పంపిందట. నచ్చితే ఏడాది పొడుగునా తీసుకుంటామన్నారు. నచ్చినా నచ్చకపోయినా మెయిల్ పెడతామన్నారు. ఆ పని దొరికితే షెడ్డు నిలబడుతుంది, దొరక్కపోతే నూలు కొనే దారి కూడా లేదు. చెప్పిన వారం దాటిపోయింది. ఒక్క మాట రాలేదు.

"దినమూ పొద్దున తెరిచి చూసినాను. పాతవి అన్నీ అట్లే ఉండాయి. కొత్తది ఒకటి కూడ లేదు. వద్దు అనేదానికి కూడ మనం తగలేదు అనుకున్నాను," అంది.

నా ఫోన్‌నుంచి షెడ్డు మెయిల్ చిరునామాకు ఒక మెయిల్ పంపాను. మామ కంప్యూటర్ ముందు కూర్చుని కాఫీ తాగాను. కాఫీ అయిపోయింది, మెయిల్ రాలేదు. అప్పుడు షెడ్డు డొమైన్ రికార్డులు తీసి చూశాను.

ఇక్కడ ఆ శంఖం మళ్ళీ ఊదక తప్పదు. కంప్యూటర్లకు మన పేర్లతో పనిలేదు, వాటికి అంకెలు కావాలి. అందుకని ప్రతి డొమైన్‌కూ, అంటే మెయిల్ చిరునామాలో ఆఖరున వచ్చే ఆ పేరుకూ, ఎక్కడో ఒకచోట కొన్ని వరుసలు రాసి ఉంచుతారు. ఎవరు ఏది అడిగితే ఆ వరుస చెబుతారు. వెబ్‌సైట్ ఏ మిషన్‌లో ఉందని అడిగితే జవాబు ఇచ్చేది ఇంగ్లీషు అక్షరం 'ఏ' పేరుతో ఉన్న రికార్డు. ఈ పేరుకు వచ్చే మెయిల్ ఎక్కడ దించాలని అడిగితే చెప్పేది ఎంఎక్స్ రికార్డు. రెండూ ఒకే పేరుకు ఉన్నా, రెండు చోట్లూ ఒకటే కానక్కరలేదు. ఇంటి వాకిలి ఒక వీధిలో ఉండి, ఆ ఇంటికి వచ్చే నూలు మూటలు వేరే వీధిలో గోడౌన్‌లో దిగినట్టు. అత్త డొమైన్‌కు ఆ 'ఏ' రికార్డు ఉంది. ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పెట్టి అడిగినా దారి చెప్పడానికి సీనేమ్ ఉంది, అంటే 'నన్ను అడగొద్దు, ఆ పేరును అడుగు' అని చెప్పే రికార్డు. ఎంఎక్స్ మాత్రం లేదు.

"ఎవరత్తా ఇది ముట్టింది?"

గుడ్డ మాదిరి పంపాక, పాత వెబ్‌సైట్ బాగాలేదని, మదురైలో ఒక చిన్న కంపెనీకి చెప్పి కొత్తది చేయించిందట. నల్ల నేరం, అంటే మంచి ఘడియ చూసి, కంప్యూటర్ ముందు పాలు కాచి మరీ మార్పించిందట. నాకెందుకు చెప్పలేదంటే, "నీకు మోకాలు నొప్పి గదా, ఎన్నిసార్లు లాగేది" అంది. ఆ కంపెనీవాళ్ళు పాత చోటునుంచి డొమైన్‌ను తమ దగ్గరకు తెచ్చుకున్నారు. రికార్డులు ఎవరి దగ్గర అడగాలో చెప్పే ఎన్ఎస్ అనేది మారిందంటే, పాత చోట రాసి ఉన్నవన్నీ చెల్లవు. కావలసినవి కొత్త చోట మళ్ళీ రాయాలి.

మదురైకి ఫోన్ చేశాను. అటునుంచి ఒకావిడ ఓపికగానే మాట్లాడింది. "మెయిల్ ఏదైనా ఉందా, చిరునామా చెప్పండి, దానికి తగ్గట్టు రాస్తాము అని అడిగాము మేడమ్. అలాంటివి ఏమీ లేవు, వద్దు అన్నారు," అని తమిళంలో చెప్పింది. ఫోన్ పెట్టేసి అత్త వైపు తిరిగాను.

"కొత్త ఇంటికి పాత చీపురు ఎత్తుకుపోకూడదు గదా. అందుకని పాతవి ఏమీ వేండాం అన్నాను," అంది అత్త, నా ముఖం చూడకుండా.

నాకు ఒళ్ళు మండింది. "చీపురూ మెయిలూ ఒకటేనా అత్తా? దాని కోసమే దినమూ కాచుకోనుండినావు గదా. నీ చేత్తో నువ్వే తలుపు మూసేసి, ఎవరూ రాలేదని తరులు అమ్ముతావా?" అని గట్టిగా అడిగేశాను. ఆడుతున్న తరుల దగ్గర ఒకామె ఇటు తిరిగి చూసింది. అత్త కొంగుతో బల్ల మీది నీళ్ళ చుక్కలు తుడిచింది. తుడవాల్సినవి అయిపోయాక కూడా తుడుస్తూ ఉంది.

"వాళ్ళు ఫోన్‌లో అడిగినారు, మెయిల్ ఐడి ఏమి అని," అంది. "పక్కన ఎవరూ లేరు. నేను ఎట్ల చెప్పేది?"

ఎట్ల చెప్పేదేమిటి, ఉన్నదున్నట్టు చెప్పేది, అనబోయి ఆగిపోయాను. ఆ చిరునామా మామ పేరు. ఇనిషియల్‌తో సహా మామ పేరే, ఆ తరవాత షెడ్డు పేరు. చాలా ఏళ్ళ కిందట దాన్ని పెట్టింది నేనే. అత్త కాలంనాటి ఆడవాళ్ళు మా వైపు మొగుడి పేరు నోట పలకరు. రేషన్ కార్డు దగ్గర అడిగితే పక్కవాళ్ళ చేత చెప్పిస్తారు. మామను చివరిసారి ఆస్పత్రిలో చేర్చినప్పుడు, పేషెంట్ పేరేమిటని నర్సు అడిగితే అత్త నా భుజం మీద చెయ్యి వేసింది. నేను చెప్పాను, నర్సు రాసుకుంది. అంత భయంలో, అంత ఏడుపులో కూడా ఆమె ఆ పేరు అనలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఫోన్‌లో అంటుందని నేనెలా అనుకున్నాను?

నా కోపం చప్పబడింది. దాని వెనకే ఎప్పటి అలసట వచ్చి కూర్చుంది. మదురైకి మళ్ళీ ఫోన్ చేసి ఎంఎక్స్‌లో ఏం రాయాలో చెప్పాను. టీఎక్స్‌టీ అనే ఇంకో రికార్డు సంగతి కూడా చెప్పాను. "అలాగే మేడమ్" అన్నారు.

ఆ మధ్యాహ్నం అంతా కాచుకోవడమే పని. మెయిల్ పంపిన మిషన్, దించే చోటు దొరకలేదని వెంటనే దాన్ని పారేయదు. ఎంఎక్స్ లేకపోతే వెబ్‌సైట్ ఉన్న మిషన్ దగ్గరకే పోయి తలుపు తడుతుంది. తీయకపోతే కాసేపాగి మళ్ళీ వచ్చి తడుతుంది. కొన్ని రోజులు అలా తిరిగి, ఇక లాభం లేదనుకుంటే పంపినవాళ్ళకే తిప్పి ఇచ్చేస్తుంది. ఇంకా తిరుగుతూ ఉన్నవి ఏమైనా ఉంటే ఇప్పుడు వస్తాయి, తిరిగిపోయినవి ఇక రావు. అత్తకు ఇంతే చెప్పాను. "పోస్టుమాన్ కంటే మేలే," అంది.

పొద్దు కొండల వైపు వాలుతున్నప్పుడు ఒక్కొక్కటే రావడం మొదలైంది. ముందు నేను పంపింది వచ్చింది. తరవాత నూలు అమ్మేవాళ్ళది, తరవాత జుట్టు మొలిపిస్తామని ఎవరో రాసింది. ఆ వెనకాల కేరళావాళ్ళది. మొదట రాసింది తిరిగి వచ్చిందని, అందుకని మళ్ళీ రాస్తున్నామని ఉంది. గుడ్డ మాదిరి బాగుంది, ఒప్పందానికి ముందు మీ ముఖం చూసి మాట్లాడాలి, ఈ వారంలో వీడియో కాల్‌లో కలవగలరా, అని మామను అడిగారు. ప్రియమైన సార్ అని, పక్కన మామ పేరు.

"మామ పోయినది వాళ్ళకు తెలియదా?"

అత్త మౌస్ నా వైపు జరిపింది. ఆ చిరునామానుంచి బయటికి పోయిన మెయిళ్ళు తెరిచి చూశాను. మామ పోయిన తరవాత రాసినవి వరుసగా ఉన్నాయి, అన్నిటి కిందా మామ పేరే. మామ పాత మెయిళ్ళలోని ఇంగ్లీషు వాక్యాలు తీసి, కావలసినచోట మాటలు మార్చి అతికించింది. నూలు ధర పెరిగిందని బ్రతిమాలుకున్నది మామ, గుడ్డ ఆలస్యమైందని క్షమించమన్నది మామ. రెండేళ్ళుగా ఆయన విసుగు లేకుండా పనిచేస్తున్నాడు.

"పోయినారని రాస్తే నమ్మకం పోతాదని అందరూ అన్నారు. ఒకటి రాసినాను, ఆ పొద్దుకు ఆ పని గట్టెక్కితే చాలని. ఆ తర్వాత ఎప్పుడు మార్చేది?" అంది. మళ్ళీ తనే, "నోటితో చెప్పకూడదు అన్నారు గాని, వేలితో రాయకూడదని ఎవరూ చెప్పలేదు," అంది.

నాకు నవ్వు రావాల్సిన మాటే అది. ఏడుపు వచ్చింది. ఒక మనిషి ఇంకొక మనిషి పేరు వెనక నిలబడి ఇంతకాలం మగ్గాలు ఆడించింది, మేము పండగకూ పబ్బానికీ వచ్చి ఆమె పెట్టిన అన్నం తిని వెళ్ళాము. సీనేమ్ రికార్డు గురించి జనానికి ఎన్నిసార్లు చెప్పానో, ఆ పని చేస్తున్న మనిషి మా ఇంట్లోనే ఉందని నాకు తట్టలేదు.

"ఇప్పుడు ఎట్లే? ఆయన్ను ఎక్కడనుంచి తెచ్చి చూపించేది?" అని అడిగింది.

"నువ్వే కనపడాలి అత్తా. ముందు ఉన్నది రాసెయ్యి."

ఆ సాయంత్రం ఏమీ ఒప్పుకోలేదు. శుక్రవారం మనిషి రానీ, పీడ వదలనీ అంది. రాత్రికి అక్కడే పడుకున్నాను. పొద్దున లేచేసరికి ఆమె తలస్నానం చేసి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. "సరి. నాకొక అడ్రసు చెయ్యి," అంది.

ఆమె పేరు కొట్టి, ఇనిషియల్ ఏం పెట్టేదని అడిగాను. మా ఊరి పద్ధతిలో పెళ్ళి కాకముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం, ఆ తరవాత మొగుడిది. అత్త స్క్రీన్ దగ్గరకు వంగింది. "మామది ఉండనీ. ఒక్కటి దాన్ గదా," అంది. మామ పాత చిరునామాకు వచ్చేవి కూడా ఈమె పెట్టెలోకే వచ్చేటట్టు కలిపాను.

తన పేరుతో ఆమె రాసిన మొదటి మెయిల్ మూడు వాక్యాలు. మా ఇంటివారు పోయి రెండేళ్ళయింది. గుడ్డ మొదటినుంచీ నేనే చూస్తున్నాను. మీతో నేను మాట్లాడతాను. పాత మెయిళ్ళలోంచి ఒక్క మాట తీసుకోలేదు, ఇంగ్లీషు తప్పులు కూడా ఆమెవే. నేను దిద్దబోతే చెయ్యి తోసేసింది.

పంపిన కాసేపటికే అది తిరిగి వచ్చింది. ఈ పేరు మీద మెయిల్ పంపే హక్కు మీకు లేదు అని దాని సారాంశం.

టీఎక్స్‌టీ రికార్డు అంటే ఎవరైనా వచ్చి చదువుకోవడానికి రాసిపెట్టే మాట. మా పేరు మీద ఫలానా మిషన్లు మాత్రమే మెయిల్ పంపుతాయి, ఇంకెక్కడినుంచి వచ్చినా నమ్మకండి, అని అందులో రాస్తారు. దొంగ మెయిళ్ళను ఆపడానికి అది. మదురైవాళ్ళు ఎంఎక్స్ రాశారు గానీ, టీఎక్స్‌టీలో తమ మిషన్ ఒక్కటే రాసి వదిలేశారు. అత్త మెయిల్ పెట్టె ఇంకా పాత చోటే ఉంది, ఆమె మెయిల్ ఆ మిషన్‌నుంచే పోతుంది. కేరళావాళ్ళ మిషన్ ఆ టీఎక్స్‌టీ చదివి, ఈమె వేరే ఎవరో అనుకుని తిప్పికొట్టింది. మామ పేరుతో పంపినా ఇవాళ ఇంతే అయ్యేదని అత్తకు చెప్పాను. ఆమె వినలేదు.

"ఆయన పేరున రాసినన్ని రోజులు అన్నీ పోయినాయి," అంది. "నేను నేనే అంటే దొంగ అంటాదా అది?"

మదురైకి మూడోసారి ఫోన్ చేసినప్పుడు నేను మర్యాదగా మాట్లాడలేదు. వాళ్ళు దిద్దారు. దిద్దినా వెంటనే అందరికీ తెలియదు. ప్రతి రికార్డుకూ టీటీఎల్ అని ఒక గడువు ఉంటుంది. ఒకసారి అడిగి తెలుసుకున్నవాళ్ళు ఆ గడువు తీరేదాకా పాత జవాబునే గుర్తుపెట్టుకుంటారు, మళ్ళీ అడగరు. పాత మాట మరిచిపోయేదాకా కాచుకోవడమే. అత్త గుడ్డలు చుట్టింది, నేను మోకాలు చాపుకుని కూర్చున్నాను. ఎండ తగ్గాక మళ్ళీ పంపాం, ఈసారి తిరిగి రాలేదు. బుధవారం జవాబు వచ్చింది. మీ నష్టానికి బాధపడుతున్నాము, రేపు మాట్లాడదాం, అని ఉంది. అది అత్త పేరుకే వచ్చింది.

గురువారం కాల్‌లో అటువైపు ఒక పెద్దావిడ కనపడింది. మలయాళం యాసతో తమిళం మాట్లాడింది. మీ పేరేమిటని అడిగింది. అత్త తన పేరు చెప్పింది. ఆ పేరు నాకు తెలియనిది కాదు, ఆమె నోట వినడం మాత్రం అదే మొదలు. గుడ్డ బాగుందో లేదో ఎలా చూస్తారని ఆవిడ అడిగితే, అత్త గ్లాసు ముందుకు జరిపి గుడ్డముక్క నీళ్ళలో వేసి చూపించింది. ముక్క మునిగింది. అటువైపు ఆవిడ ముఖం దగ్గరగా పెట్టి చూసి, ఇంకోసారి వేయమంది. అత్త వేసింది. "మీ గుడ్డే తీసుకుంటాము," అంది ఆవిడ.

తరువాత తన కాగితాలు చూసుకుంటూ, "మా దగ్గర సార్ పేరే ఉంది, మార్చాలి. ఆయన పేరు పలకడం నాకు సరిగ్గా రాదు, ఒకసారి చెబుతారా?" అని అడిగింది.

అత్త చెయ్యి నా భుజం మీదికి వచ్చింది. నేను ముందుకు వంగి మామ పేరు చెప్పాను, ఇనిషియల్‌తో సహా.

కాల్ అయిపోయాక శుక్రవారం వస్తానన్న మనిషికి ఫోన్ చేసి రావద్దని చెప్పింది. తరుల దగ్గర ఉన్న ఆడవాళ్ళకు చెప్పింది. వాళ్ళు ఊరకున్న తరులకు నూలు ఎక్కించడానికి లేచారు. నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చింది.

"ఇంకొకసారి చెప్పవే," అంది.

"ఏమి?"

"అదిదాన్. ఫోన్‌లో చెప్పినావే, ఆ పేరు. ఈ షెడ్డులో విని శానా రోజులైంది."

చెప్పాను.